కాంతం పేరు మీద పురుడు

మొదటి పురుడు పుట్టింటివాళ్ళే పోయాలి. ఈ ఆచారం పెట్టినవాడికి ఆడపిల్లలు లేరని జగ్గారావు నమ్మకం.

జగ్గారావుది పాత గోనెసంచుల వ్యాపారం. పూర్ణా మార్కెట్టు వెనక సందులో గోడౌను. రేవులో గోధుమలూ ఎరువులూ దింపేశాక మిగిలిన సంచులు, కిరాణా కొట్లలో ఖాళీ అయిన సంచులు కొని, దులిపించి, చిరుగులు కుట్టించి రైసుమిల్లులకు అమ్ముతాడు. ముప్పై ఏళ్ళు ఆ దుమ్ములో బతికేసరికి లోకంలో ప్రతి వస్తువుకీ అతనికి రెండు ధరలు కనిపించేవి. ఒకటి ఎదుటివాడు చెప్పేది, రెండోది తాను ఇచ్చేది. ఆ రెంటికీ మధ్య ఉన్న జాగాలోనే మనిషి ఇల్లు కట్టుకోవాలని అతని సిద్ధాంతం. అలాగే కట్టుకున్నాడు కూడా.

కూతురు తాయారుకు ఏడో నెల వెళ్ళగానే వియ్యపురాలు చిలకమ్మ సబ్బవరం నుంచి బస్సెక్కి వచ్చింది. కాఫీ తాగింది. కోడలి తల నిమిరింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి అసలు మాట చెప్పింది.

"నర్సింగ్ హోంలోనే పురుడు పొయ్యండి అన్నయ్యా. సర్కారాసుపత్రిలో అయితే మా ఊళ్ళో మొకం ఎత్తుకోలేం."

"అలాగే సెల్లెమ్మా. ఎంతైనా పరవాలేదు" అన్నాడు జగ్గారావు.

ఎంతైనా పరవాలేదన్న మాట అతని నోట వినడం భార్య సన్యాసమ్మకు అదే మొదలు. వియ్యపురాలు సందు మలుపు తిరిగేదాకా ఆగి, "జొరవేటైనా వచ్చిందేటి?" అని నుదురు ముట్టుకు చూసింది.

జ్వరం లేదు. మర్నాడే వెళ్ళి రెండు నర్సింగ్ హోముల్లో ధర కనుక్కున్నాడు. మామూలు కాన్పయితే నాలుగు వందలు. ఆపరేషనయితే పదిహేను వందలు, మందులూ రక్తమూ గదీ వేరే. "రెంటిలో ఏదో ముందు సెప్పండి, బేరం మాటాడుకుందాం" అన్నాడు. బల్ల దగ్గర కూర్చున్నావిడ కళ్ళజోడు సవరించుకుని, "అది కడుపులో ఉన్నవాళ్ళు చెప్పాలండి" అంది. ధర తేలని సరుకు కొనడం జగ్గారావు రక్తంలో లేదు. ఇంటికొచ్చి గోడౌనులో సంచుల మీద కూర్చుని రెండు బీడీలు కాల్చాడు. రెండో బీడీ సగంలో బావమరిది గవర్రాజు గుర్తొచ్చాడు.

గవర్రాజు సన్యాసమ్మ తమ్ముడు. రేవులో ఇనుప ఖనిజం ఎగుమతి చేసే ఒక కంపెనీలో క్రేను ఆపరేటరు. ఆ కంపెనీకి సొంత ఆసుపత్రి ఉంది. కార్డు చూపిస్తే ఉద్యోగికీ భార్యాబిడ్డలకీ వైద్యం ఉచితం, మందులతో సహా. అక్క కూతురికి మాత్రం కాదు.

నిజానికి తాయారు గవర్రాజుకు భార్య కావలసిన పిల్లే. మేనమామ, వరసైనవాడు. తమ్ముడికే ఇద్దామని సన్యాసమ్మ అన్నం మానేసి మరీ పట్టుబట్టింది. అప్పటికి గవర్రాజు రేవులో రోజుకూలీ. జగ్గారావు లెక్క వేసి కుదరదన్నాడు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే గవర్రాజుకు క్రేను వచ్చింది, జీతం వచ్చింది, క్వార్టరు వచ్చింది, కాంతం వచ్చింది. జగ్గారావు తప్పు లెక్క వేసిన కొద్ది బేరాల్లో అదొకటి.

ఆ ఆదివారం ఒక డజను అరటిపళ్ళు పట్టుకుని గవర్రాజు క్వార్టరుకు వెళ్ళాడు. మంచం మీద కూర్చుని, తాపీగా విషయం బయటపెట్టాడు.

"తాయారుని కాంతం పేరు మీద సేరుద్దాం. నీ పెళ్ళావని సెప్తే సాలు. ఆళ్ళేటి పెళ్ళి ఫొటో అడుగుతారేటి?"

గవర్రాజు కంచంలో చెయ్యి ఆపాడు. "ఏటి బావా, ఏటంటన్నావు?"

"కాంతం ఆ ఆసుపత్రికి ఒక్కసారే ఎల్లింది. ఆళ్ళకి మొకం గుర్తుంటాదా? ఇద్దరిదీ ఒకటే వయసు, ఒకటే ఎత్తు."

కాంతం ఆ ఒక్కసారీ వెళ్ళింది రెండేళ్ళ కిందట, మూడో నెలలో కడుపు పోయినప్పుడు. ఆ తర్వాత మళ్ళీ నిలవలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. జగ్గారావు మాత్రం ఆసుపత్రిలో ఆమె ఫైలు ఉందిగా, పనికొస్తుందిగా అన్నట్టు ఎత్తాడు. పొయ్యి దగ్గర కాంతం వెనక్కి తిరగకుండానే అంది.

"అప్పుడు ఇవ్వనన్న పిల్లని ఇప్పుడు ఊరికే ఇత్తన్నారా అన్నయ్యా?"

గవర్రాజు నవ్వబోయి భార్య వీపు చూసి మానేశాడు.

"నీకు మంచి సీర కొంటాను కాంతం" అన్నాడు జగ్గారావు.

"సీర కట్టుకుని ఎక్కడికెల్లను? పురిట్లో ఉన్నదాన్ని కదా, ఈదిలోకి రాకూడదు" అంది కాంతం. ఈసారి తిరిగి చూసింది. "తేడా వస్తే ఈయన ఉజ్జోగం పోతాది."

"పోదు. ఈ ఊళ్ళో సగం మంది ఎవుడో ఒకడి కార్డు మీద బతుకుతన్నోళ్ళే."

గవర్రాజు చాలాసేపు అన్నం కెలికాడు. సన్యాసమ్మ తల్లిలేని అతన్ని చంకనేసుకు పెంచింది. చివరికి, "నీ మొకం సూసి కాదు బావా. అక్క మొకం సూసి" అన్నాడు.

అలా బేరం కుదిరింది. వియ్యపురాలికి మాత్రం నర్సింగ్ హోం మాట్లాడేశామని కబురు వెళ్ళింది.

నొప్పులు మొదలైన రోజు, సబ్బవరంలో ఉన్న అల్లుడికి కబురు పెట్టకుండానే, పొద్దున్నే ఆటోలో కంపెనీ ఆసుపత్రికి చేరారు. గవర్రాజు కార్డు చూపించి, భార్య అని చెప్పి, డ్యూటీ దిగాక వస్తానని రేవుకు వెళ్ళిపోయాడు. సెలవు పెడితే అనుమానం వస్తుందని జగ్గారావే పంపించాడు. లోపల గుమాస్తా పాత ఫైలు వెతికి తీసి, దానికే కొత్త కాగితాలు గుచ్చాడు. అంతా నూనె రాసినట్టు జారిపోయింది.

ఒక్కటే ఇబ్బంది. నర్సు, "కాంతం, ఇటు తిరుగు. కాంతం" అని పిలుస్తుంటే తాయారు తిరిగేది కాదు. "ఈ అమ్మాయికి వినపడదా?" అని అడిగింది నర్సు. "నొప్పుల్లో పరాగ్గా ఉందమ్మా" అంది సన్యాసమ్మ. కూతురి చెవిలో వంగి, "ఓలమ్మా, నువ్వు కాంతానివే. మర్సిపోకు" అని గొణిగింది. తాయారు పళ్ళు బిగించి తల ఊపింది.

వరండాలో బల్ల మీద కూర్చుని జగ్గారావు మిగిలిన డబ్బు లెక్క వేసుకున్నాడు. నాలుగు వందలు ఖాయంగా మిగిలినట్టే. దాంతో ఒక లారీ సంచులకు బయానా కట్టొచ్చు. మధ్యాహ్నం దాకా ఆ లెక్క హాయిగానే ఉంది.

భోజనాల వేళ దాటాక లోపల హడావుడి మొదలైంది. ఆయా బకెట్టు పట్టుకుని ఒకసారి వెళ్ళింది, మళ్ళీ వెళ్ళింది. బకెట్టు మీద గుడ్డ కప్పి ఉంది గానీ, గుడ్డ అంచు ఎర్రబడింది. సన్యాసమ్మ అది చూసి లోపలి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

డాక్టరు పద్మావతి బయటికొచ్చింది. కృష్ణా జిల్లా మనిషి, నడివయసు, మాట సూటిగా ఉంటుంది. "మాయ కిందికి ఉంది. రక్తం పోతోంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. భర్తకు ఫోన్ చేయించాను, వచ్చి సంతకం పెట్టాలి" అంది. నర్సు వైపు తిరిగి, "మన దగ్గర నిల్వ లేదు. పాత ఫైల్లో గ్రూపు ఉందిగా, బి పాజిటివ్. చీటీ రాసి జీపు ఇచ్చి బ్లడ్ బ్యాంకుకు పంపించు. నేను ఈలోపల అన్నీ సిద్ధం చేస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

పాత ఫైలు అన్నమాట దగ్గర జగ్గారావు బల్ల మీంచి లేచాడు.

రక్తం సంగతి అతనికి కొంత తెలుసు. ఒకప్పుడు గోడౌనులో సంచుల దొంతర కూలి కూలీ వీరన్న కింద పడ్డాడు. రక్తం ఇవ్వమని జగ్గారావు వేలికీ సూది గుచ్చారు. నీది కలవదు, కలవనిది ఎక్కిస్తే మనిషి పోతాడు అని పంపేశారు. ఆ రోజు కలవనందుకు లోలోపల సంతోషించాడు. ఆ ఫైల్లో రాసి ఉన్నది కాంతం రక్తం. లోపల కారిపోతున్నది తాయారు రక్తం.

నర్సు చీటీ రాస్తుంటే పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, ఆ పిల్ల రగతం ఇంకోసారి సూడకూడదేటి?"

"తెచ్చాక కలిపి చూస్తారు. కలవకపోతే ఎక్కించరు, భయపడకండి."

"కలవకపోతే?"

"మళ్ళీ జీపు వెళ్ళాలి. రికార్డు ఉంటే ఎందుకు కలవదు?"

"మళ్ళీ ఎల్లి రావాలంటే సేపవుద్దా?"

"రైల్వే గేటు పడకపోతే గంట."

"అంతసేపు ఆగుతాదా పిల్ల?"

నర్సు చీటీ మీద ముద్ర వేసింది.

"అది కాదమ్మా. ఆ ఫైలు అప్పుడు తప్పు రాసినారని మాకు అనుమానం."

నర్సు తలెత్తింది. "మీరు ఆవిడకి ఏమవుతారు?"

జగ్గారావు నోరు తెరిచాడు. తండ్రినని చెప్పడానికి లేదు. కాంతానికి తానేమవుతాడు? "ఆడబిడ్డ మొగుణ్ణి" అన్నాడు.

"మరైతే మీకెందుకండీ? ఏదన్నా ఉంటే భర్త చెప్పాలి. పక్కకు జరగండి."

జరిగాడు. నాలుగు వందలు మిగుల్చుకునే బేరంలో తాను అమ్ముకున్నదేమిటో అప్పుడు తెలిసింది. కన్న కూతురి గురించి మాట్లాడే హక్కు అతనికి ఆ ఆవరణలో లేదు.

సంచుల బేలు కొనేటప్పుడు పైన కనిపించేవి చూసి ధర కట్టేవాడు మునిగిపోతాడు. అమ్మేవాడు మంచివన్నీ పైన పేరుస్తాడు. జగ్గారావు ఎప్పుడూ మోచేతి దాకా చెయ్యి దూర్చి మధ్య సంచి లాగి చూస్తాడు. ఈ బేలు మాత్రం విప్పడానికి లేదు. రెండు రక్తాలూ ఒకటే కావచ్చు. కాకపోనూవచ్చు. ఎంతకెంత అవకాశమో అంచనా కట్టబోతే, ముప్పై ఏళ్ళలో మొదటిసారి అతనికి లెక్క రాలేదు.

గవర్రాజు సైకిలు పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఒళ్ళంతా ఖనిజం దుమ్ము, ఎర్రగా ఉన్నాడు. గుమాస్తా కాగితం చూపించిన చోట భర్తగా సంతకం పెట్టాడు. వేలి దుమ్ము కాగితానికి అంటుకుంది. జగ్గారావు అతన్ని రెక్క పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళి జరిగింది చెప్పాడు.

"నీ పెళ్ళాం రగతం, నా కూతురి రగతం ఒకటేనేటి?"

గవర్రాజుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక జీపు వంక చూశాడు.

"సెప్పీసినామంటే నీ ఉజ్జోగం" అన్నాడు జగ్గారావు.

"సెప్పకపోతే?"

"కలిసినా కలవచ్చు."

"లెక్కల మనిషివి నువ్వు. నువ్వేటంటావు?"

"నా సరుకైతే ఈపాటికి సెప్పీసేవోణ్ణి. ఉజ్జోగం నాది కాదు కదా గవర్రాజూ."

గవర్రాజు అతని మొహంలోకి చూశాడు. "ఆ మాట కార్డు అడిగిన్నాడు గుర్తులేదేటి?"

జగ్గారావు తలదించుకున్నాడు. ఆవరణలో డ్రైవరు జీపు బానెట్ మూసి, చీటీ జేబులో పెట్టుకుంటున్నాడు. లోపల్నుంచి తాయారు గొంతు వినిపించడం మానేసి చాలాసేపయింది. అరుస్తున్నప్పుడు భరించలేకపోయారు. ఇప్పుడు అరిస్తే బాగుండునని ఉంది.

"నాకు నోరు రాదు బావా" అన్నాడు గవర్రాజు. "కాంతానికి ఏటని సెప్పను. నాను సెప్పలేను. నువ్వు సెప్పు. నువ్వు సెప్తే కాదనను."

జీపు స్టార్టయింది.

జగ్గారావు స్థూలకాయుడు. పరిగెత్తి ఎన్నేళ్ళయిందో అతనికే తెలియదు. పంచె ఎగ్గట్టి మెట్లు దిగి జీపు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. డ్రైవరు తిడుతూ బ్రేకు వేశాడు. "కదలకు నాయినా, సీటీ మారుతాది" అని, వచ్చినంత వేగంగానూ వెనక్కి వెళ్ళి ఆపరేషన్ గది తలుపు అరచేత్తో బాదాడు.

డాక్టరు పద్మావతి చేతులు కడుక్కుంటూ వచ్చింది. వెనక నర్సు, ఆయా, కాగితాలతో గుమాస్తా ఉన్నారు.

"అమ్మా, ఆ పిల్ల కాంతం కాదు. తాయారు. నా కూతురు. ఈయన దానికి మేనమామ, మొగుడు కాదు. ఆ ఫైల్లో రగతం ఈయన పెళ్ళాంది. పిల్లది ఏ రగతమో మాకు తెల్దు. తప్పు నాది. కార్డు నానే అడిగినాను. పిల్లని సూడండి ముందు, తరవాత ఏటి సేత్తారో సెయ్యండి."

డాక్టరు ఒక్క క్షణం అతన్ని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "రక్తం తియ్యండి. ల్యాబులో ఎవరున్నారో పరిగెత్తమనండి. జీపు ఆపండి" అంది. తలుపు మూసుకుంది.

గోడకానుకుని ముగ్గురూ నిలబడ్డారు. సన్యాసమ్మ ఒక చేత్తో మొగుడి పంచె అంచు, ఇంకో చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. గుమాస్తా మాత్రం బల్ల దగ్గరికి వెళ్ళి ఫైలు తెరిచి, గవర్రాజు సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

ల్యాబు మనిషి చీటీ పట్టుకుని వచ్చాడు. తలుపు సందులోంచి డాక్టరు చెయ్యి చాచి తీసుకుంది.

"బి పాజిటివే. పంపండి జీపు."

జీపు వెళ్ళింది. గేటు పడలేదు. సీసాలు వచ్చాయి, కలిపి చూశారు, కలిశాయి. సాయంత్రం ఎండ వరండా దాటి వెళ్ళకముందే ఆడపిల్ల పుట్టింది. తాయారు కళ్ళు తెరిచి, నర్సు పేరడిగితే, "కాంతం" అంది. "ఇంకక్కర్లేదమ్మా" అంది నర్సు.

డాక్టరు బయటికొచ్చి కుర్చీలో కూలబడి నీళ్ళు తాగింది. జగ్గారావు చేతులు కట్టుకుని దగ్గరికెళ్ళాడు. ప్రాణం కుదుటపడగానే వ్యాపారి లేచి కూర్చున్నాడు.

"ఎలాగూ రెండు రగతాలూ ఒకటే అయినాయి కదమ్మా. ఫైలు ఎలా ఉన్నది అలా ఉంచేత్తే..."

"మీరు చెప్పకపోయినా ఏమీ అయ్యేది కాదు, అదేనా?" అంది డాక్టరు. "అవును, అయ్యేది కాదు. కాని అది మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు ఇంతమంది విన్నారు. నేను రాయక తప్పదు."

"ఆడి ఉజ్జోగం..."

"అదీ నా చేతిలో లేదు." లేచి నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "గదులు ఖాళీ ఉంటే బయటివాళ్ళనీ చేర్చుకుంటామండీ. డబ్బు కడితే సరి. ఆపరేషనైనా మందులతో కలిపి తొమ్మిది వందలు. పొద్దున్నే ఒక్కమాట అడిగుంటే అసలు పేరు మీదే చేర్చుకునేవాళ్ళం."

ఊళ్ళో ప్రతి సరుకుకీ ధర అడిగే జగ్గారావు, ఆ ఒక్క చోటా అడగలేదు.

తొమ్మిది వందలూ కట్టాడు. వారం తిరక్కుండా గవర్రాజును సస్పెండు చేశారు. ఎంక్వైరీ తేలేదాకా సగం జీతం. క్వార్టరు మాత్రం అప్పటికి ఉండనిచ్చారు. మొదటి తారీఖున జగ్గారావు మిగతా సగం జీతం కవరులో పెట్టి పట్టుకెళ్ళాడు. కాంతం తలుపు తీసి, కవరు అందుకుని, అతని ముందే విప్పి లెక్కపెట్టింది.

"నోరు మూసుకునుంటే సరిపోయేది అన్నయ్యా. ఒకటే రగతం అంట కదా."

"అప్పుడు తెల్దమ్మా."

"తెలిసిన బేరాలే కదా మీరెప్పుడూ సేసేది" అంది. ఒక రూపాయి ఎక్కువుంటే వెనక్కి ఇచ్చింది.

పిల్లను ఉయ్యాల్లో వేసే రోజు చిలకమ్మ సబ్బవరం నుంచి పదిమందిని వెంటేసుకొచ్చింది. మనవడు కాదని కాస్త వెలితిగా ఉన్నా, ఆపరేషన్ కాన్పు అని చెప్పుకోవడంలో ఒక గొప్ప దొరికింది. అందరూ విస్తళ్ళ దగ్గర కూర్చున్నాక, అందరికీ వినపడేలా అడిగింది.

"నర్సింగ్ హోంలో ఎంతయింది అన్నయ్యా? పెద్దాపరేషను, బాగానే అయ్యుంటాది."

రెండు వేలు అంటే సరిపోయేది. ఊరంతా పాకేది. అవతల గవర్రాజు నీళ్ళ చెంబులు సర్దుతున్నాడు, తలెత్తలేదు. ఉయ్యాల దగ్గర కాంతం పిల్లకు గుడ్డ చుడుతోంది. ఆమె చేతులు మాత్రం ఆగాయి.

"నర్సింగ్ హోం కాదు సెల్లెమ్మా" అన్నాడు జగ్గారావు. "మా గవర్రాజు కంపెనీ ఆసుపత్రి. కాంతం పేరు మీద సేర్సినాను. ఆడి ఉజ్జోగం మీదకొచ్చింది. ఎంతయిందో ఇంకా తెల్దు. ఎంక్వైరీ వచ్చే నెల్లో."

చిలకమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని వెంట వచ్చినవాళ్ళ వంక చూసింది.

"తినండక్కా, సల్లారిపోతాది" అంది కాంతం. "కాంతం అంటే నానే. నా పేరు మీద నానెలాగూ పురుడు పోసుకోలేదు, మీ కోడలైనా పోసుకుంది."

నవ్వాలో ఊరుకోవాలో విస్తళ్ళ దగ్గర ఎవరికీ తెలియలేదు. కాంతం పిల్లను ఎత్తుకుని గది దాటి వచ్చి జగ్గారావు ముందు నిలబడింది.

"పట్టుకోండి అన్నయ్యా. వడ్డన సెయ్యాలి."

జగ్గారావు రెండు చేతులూ చాచి అందుకున్నాడు. అలవాటు చొప్పున బరువు అంచనా కట్టాడు. పుట్టినప్పటికన్నా పెరిగింది.